మైనస్ పంతొమ్మిది

మెర్లిన్ కుర్చీలో కూర్చుని ఉండగా నేను చూసింది తక్కువ. కుర్చీ ఆమెదే. దాని మీద బ్యాగు ఉంటుంది, చున్నీ ఉంటుంది, సగం తాగిన నీళ్ళ సీసా ఉంటుంది. మనిషి మాత్రం కిటికీ దగ్గరో, మెట్ల మీదో, నా వెనకో ఉంటుంది. ఏదైనా అర్థం కాకపోతే లేచి నడవాలి. అర్థమైతే ఇంకా గట్టిగా నడవాలి. నడుస్తున్నంతసేపూ చేతిలో పెన్ను మీట నొక్కుతూనే ఉంటుంది. "కాసేపు కుదురుగా కూర్చో తల్లీ, ఆ టకటకకి నా బుర్ర పగిలిపోతోంది" అని రోజుకి నాలుగుసార్లు అరుస్తాను. "ఆఁ సార్, కూర్చుంటున్నా" అంటుంది. కూర్చోదు.

మా ఆఫీసు నందిగామలో ఒక ఎరువుల కొట్టు మీద రేకుల గది. కింద నుంచి పురుగుమందుల వాసన, పైనుంచి రేకుల వేడి. ఉండేది ముగ్గురం. ఓనరు కొండలరావు గారు, ఆయన దగ్గర పదమూడేళ్ళుగా ఉన్న నేను, నాలుగేళ్ళ కిందట చేరిన మెర్లిన్. నా పేరు సతీష్‌బాబు. మేము చేసేది లారీ కాటాల బాక్సులు. రోడ్డు పక్కన నేలకి సమానంగా పెద్ద ఇనుప పళ్ళెం ఉంటుంది చూడండి, దాని మీదకి లారీ ఎక్కితే పక్క గదిలో బాక్సు మీద ఎర్ర అంకెల్లో బరువు పడుతుంది. ఆ బాక్సు మాది. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా, అటు ముక్త్యాల రోడ్డు మీదా కలిపి ముప్ఫై ఆరు కాటాల్లో మా బాక్సులే ఉన్నాయి.

మెర్లిన్‌ది చిల్లకల్లు. హైవే మీద వాళ్ళ నాన్న బెన్నికి పంక్చర్ షాపు ఉంది. లారీల మధ్యనే పెరిగింది. లారీ వాళ్ళతో లారీ వాళ్ళలాగే మాట్లాడుతుంది, వాళ్ళ భాషలో సగం తెలంగాణ మాటలు కూడా కలుస్తాయి. విజయవాడ దగ్గర ఇంజనీరింగ్ చదివి, క్లాసులో అందరూ హైదరాబాద్ బస్సెక్కుతుంటే ఈ అమ్మాయి నందిగామ బస్సెక్కింది. ఎందుకమ్మా అంటే, "అక్కడ వెబ్‌సైట్లు చేయిస్తారు సార్. నాకు అడుగున ఏం జరుగుతుందో కావాలి" అంది. పొగరు అనుకున్నాను. పొగరే, కానీ పనికొచ్చే పొగరు.

అడుగున అంటే ఏమిటో చెప్పాలి. మా బాక్సులో చిన్న కంప్యూటర్ ఉంటుంది. ఆ కంప్యూటర్‌లో అన్నిటికన్నా అడుగున నడిచే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. పైన తెర మీద ఎన్ని హంగులున్నా, వైరు రెండో చివర ఏం జరుగుతోందో నేరుగా తెలిసేది దానికే. కాటా కింద ఉన్న సెన్సార్లతో మాట్లాడే ముక్కని కెర్నెల్‌లో మేమే రాసుకున్నాం. అది సెకనుకి పదిసార్లు అడుగుతుంది, బరువెంత అని. జవాబుగా అంకె వస్తే సరే. ఏదైనా తేడా వస్తే మైనస్ అంకె వస్తుంది. ఆ మైనస్‌లన్నీ ఒకటి కావు, అసలు విషయం అదీ. మైనస్ నూట పది అంటే అడిగాం గానీ టైముకి జవాబు రాలేదు. మైనస్ డెబ్భై నాలుగు అంటే జవాబు వచ్చింది, దారిలో చెడిపోయి వచ్చింది. మైనస్ పంతొమ్మిది అంటే అవతల ఎవరూ లేరు, తీగే తెగింది. మొదటిదానికి మళ్ళీ అడగాలి. రెండోదాన్ని పారేయాలి. మూడోదానికి పని ఆపేసి, పైనున్న ప్రోగ్రాముకి తీగ తెగిందని చెప్పాలి. ఏ మైనస్ వచ్చిందో అది ఉన్నది ఉన్నట్టుగా పైకి అందించడమే ఆ ముక్కకి ఉన్న పెద్ద బాధ్యత.

ఇదంతా నాకు తెలుసు. తెలిసీ నేను చేసిన పని వినండి.

మెర్లిన్ చేరిన మొదటి వారం. కాటాల వాళ్ళు కొండలరావు గారికి ఒకటే ఫోన్లు. తెర మీద ఒక్క క్షణం ఎర్రర్ అని పడితే చాలు, లారీ వాళ్ళు గొడవ, ఈ కాటా దొంగ కాటా అని పక్క కాటాకి పోతున్నారు. ఆయన నా టేబుల్ మీద చెయ్యి వేసి, "సతీషూ, ఆ మాట మన బాక్సు మీద ఇంకెప్పుడూ కనపడకూడదయ్యా" అన్నాడు. నేను అప్పుడు వేరే పని తొందరలో ఉన్నాను. కొత్త పిల్ల ఖాళీగా ఉంది. పిలిచి చెప్పాను.

"మైనస్ ఏదొచ్చినా సరే, పైకి పంపకు. అంతకు ముందు వచ్చిన మంచి అంకె ఉంటుందిగా, అదే మళ్ళీ ఇచ్చెయ్."

"ఏ మైనస్ అయినానా సార్? అన్నీ ఒకటేనా?"

"అన్నీ ఒకటే. సెకనుకి పదిసార్లు అడుగుతున్నాం, ఒకసారి తప్పితే కొంపేం మునగదు."

ఆమె రాసింది. కోడ్‌లో ప్రతి మార్పు కింద ఎవరు చేశారో పేరు పడుతుంది. ఆమె పేరే పడింది. ఫోన్లు ఆగిపోయాయి. కొండలరావు గారు ఊరంతా తిరిగి, మా బాక్సులో అంకె ఊగదు, ఎర్రర్ రాదు అని చెప్పుకుని ఇంకో తొమ్మిది బాక్సులు అమ్మాడు.

రెండేళ్ళ తర్వాత మెర్లిన్‌కి పిచ్చి ముదిరింది. ప్రపంచమంతా కలిసి రాసుకునే కెర్నెల్ ఒకటుందిగా, దానికి ఈ అమ్మాయి పంక్చర్ షాపు బెంచీ మీద కూర్చుని ఒక చిన్న సవరణ పంపింది. ఎక్కడో ఏ దేశంలోనో ఉన్న ఒక పెద్దాయన తిప్పి పంపాడు. నువ్వు అన్ని తప్పులకీ ఒకటే మైనస్ ఇచ్చావు, నిన్ను అడిగినవాడికి ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది అని రాశాడు. నాలుగుసార్లు తిప్పి పంపాడు. నాలుగుసార్లూ ఆఫీసులో కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ఐదోసారి తీసుకున్నారు. ఆ రోజు నుంచి ఎవరి కోడ్ చూసినా మొదట చూసేది ఎర్రర్లనే. నన్ను కూడా నిలదీసేది. కానీ తన మొదటి వారం పని మళ్ళీ తెరిచి చూసుకోలేదు. పని చేస్తున్నదాన్ని ఎవరు తెరుస్తారు?

ఇక పోయిన మే నెల సంగతి.

జగ్గయ్యపేట దాటాక ముక్త్యాల రోడ్డులో కిషోర్‌బాబు అనే ఆయన కాటా ఉంది. వరసకి నాకు బావ అవుతాడు. ఆ కాటా గదిలో పదిహేనేళ్ళుగా కూర్చునే మనిషి సొలొమోను గారు. చిల్లకల్లులో మెర్లిన్ వాళ్ళ వీధే. ఆదివారం చర్చిలో పాఠం చదివేది ఆయనే. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. ఇప్పుడు రాస్తూ గారు అంటున్నాను గానీ, అప్పటిదాకా నాకంటే పదిహేనేళ్ళు పెద్దాయన్ని పేరు పెట్టి, నువ్వు అనే పిలిచేవాణ్ణి. మా వైపు మావాళ్ళకి అదొక అలవాటు. ఆయన మాత్రం నన్ను బాబుగారూ అనేవాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం రెండింటప్పుడు మొక్కజొన్న లారీలు వరసగా వచ్చాయి. ఎండకి ఇనుము కాలిపోతోంది. మొదటి లారీకి ముప్ఫై ఎనిమిది వేల నాలుగు వందల అరవై కిలోలు పడింది. అది దిగుతుండగానే దాని తోక పట్టుకుని రెండోది ఎక్కింది. దానికీ సరిగ్గా అంతే పడింది. సొలొమోను గారికి అనుమానం వచ్చింది. అనుమానం వస్తే ఏం చెయ్యాలో మా వైపు కాటాల మీద బతికే ప్రతివాడికీ తెలుసు. బండిని దించి మళ్ళీ ఎక్కించాలి. రెండోసారీ అదే అంకె వస్తే అది నిజమైన బరువు. ఏ పుస్తకంలోనూ లేని రూలు ఇది, అయినా ఎవరూ తప్పరు. ఆయన బయటికొచ్చి, ఎండలో నిలబడి, రా రా అంటూ చేతులూపి లారీని వెనక్కి దింపించి, మళ్ళీ ఎక్కించి, లోపలికెళ్ళి చూశాడు. అదే అంకె. ఇంకో చీటీ తీసి, పాతది చింపేసి, కొత్తది ఇచ్చి పంపాడు.

సోమవారం పొద్దున్న సూర్యాపేట అవతల కోళ్ళ దాణా మిల్లు నుంచి ఫోను. రెండో లారీలో ఐదు టన్నుల పైచిలుకు తక్కువుంది. కిషోర్‌బాబు బాక్సు రికార్డు తీయించాడు. ఒకే బరువుతో మూడు చీటీలు, ఇరవై నిమిషాల్లో. లారీ వాడితో కుమ్మక్కై ముందు లారీ బరువే దీనికి కొట్టాడన్నాడు. లైన్లో ఎనిమిది లారీలున్నాయి. వాళ్ళందరి ముందూ కాటా గదిలోంచి బయటికి లాగి, దొంగ అన్నాడు.

నన్ను పిలిపించారు. నేను బైక్ మీద వెళ్ళి, బాక్సు విప్పి, రికార్డు చూశాను. శుక్రవారం ఎర్రర్లు ఎన్ని అంటే సున్నా.

"బాబుగారూ, అంకె ఆ రోజు అదోలా ఉందండి" అన్నాడు సొలొమోను గారు, గుమ్మం బయట నుంచి.

"నువ్వుండవయ్యా. బాక్సు శుభ్రంగా ఉంది బావా. ఒక్క ఎర్రర్ లేదు" అన్నాను.

"విన్నావుగా! మనిషి అబద్ధమాడతాడు గానీ బాక్సాడుతుందా?" అన్నాడు కిషోర్‌బాబు.

సొలొమోను గారు టిఫిన్ డబ్బా తీసుకుని నడిచి వెళ్ళిపోయాడు. సైకిల్ అక్కడే మర్చిపోయాడు.

నేను తిరిగొస్తూ చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కాను. సాయంత్రం ఐదైనా వడగాలి మొహాన కొడుతోంది. టోల్ గేటు దాటుతుండగా నాకు తట్టింది. సున్నా ఎర్రర్లు! ఆ దుమ్ములో, ఆ ఎండలో, నెలంతా కలిపి ఒక్కటి కూడా లేకపోవడమేమిటి? ఎందుకుంటాయి, మనమే మింగేయమన్నాంగా. తీగ ఊడినా మింగుతుంది. పాత అంకే చూపిస్తూ కూర్చుంటుంది. బైక్ పక్కకి ఆపి, చాలాసేపు నిలబడ్డాను. లారీలు పోతూనే ఉన్నాయి. వెనక్కి తిప్పితే ఇరవై నిమిషాల్లో మళ్ళీ కాటా దగ్గర ఉండేవాణ్ణి. తిప్పలేదు. ముప్ఫై ఆరు కాటాలు గుర్తొచ్చాయి, కొండలరావు గారు గుర్తొచ్చాడు, బావ ముందు అరగంట కిందట నేనన్న మాట గుర్తొచ్చింది. అనుమానమే కదా, రుజువేముంది అనుకున్నాను. పిరికివాడికి అనుమానం అన్న మాట ఎంత సుఖమో ఆ రోజే తెలిసింది.

మంగళవారం నేను మెట్లెక్కేసరికే మెర్లిన్ గదిలో తిరుగుతోంది.

"సార్, నిన్న సొలొమోను బాబాయ్ భార్య పున్నమ్మ పిన్ని మా ఇంటికొచ్చి ఏడ్చింది. బాబాయ్ దొంగతనం చేశాడంటే నేన్నమ్మను. ఆయన మా నాన్న షాపులో గాలి కొట్టించుకున్నా గుర్తుపెట్టుకుని వచ్చి ఇచ్చిపోతాడు. మీరు చూశారంటగా, ఎర్రర్లు ఎన్నున్నాయి?"

"లేవు."

"ఒక్కటీనా?"

"లేవన్నాగా."

"అదేంటి సార్, అసలు లేకపోవడమేంటి?"

నాకు పట్టిన దారే రాత్రికి రాత్రి ఆమెకీ దొరికింది. భయానికి బదులు కోపం బయటికొచ్చింది. "మనకెందుకు ఆ గోల? వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు. నీ పని చూడు" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత బ్యాగు తీసుకుని, పదింటి బస్సుకి జగ్గయ్యపేట పోయింది. సెలవు చీటీ కూడా ఇవ్వలేదు.

ఆ వారమంతా అంతే. పొద్దున్న కాటా దగ్గర, మధ్యాహ్నం ఆఫీసులో. దాని చోట వేరే బాక్సు పెట్టి, పాత బాక్సు విప్పి తెచ్చింది, వేడి చేసింది, కుదిపింది. ఏం పట్టినా బానే ఉంది. బస్సులో నిలబడే భోంచేసేది. చెప్పులు అరిగిపోతే ఒక చెప్పుకి వైరు చుట్టుకుని తిరిగింది. నేను తెర వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒక్క మాట చాలు, మొదటి వారం ఫైలు తెరిచి చూడు అని. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగేది. టీ తాగుతూ ఒకసారి నోరు తెరిచాను కూడా. "ఏంటి సార్?" అంది. "చక్కెర ఎక్కువైంది" అన్నాను.

సోమవారం వచ్చి చెప్పింది. నిన్న చర్చిలో పాఠం ఇంకొకాయన చదివాడట. సొలొమోను గారు వెనక చెప్పులు విడిచే చోట కూర్చున్నాడట. ఎవరూ పొమ్మనలేదు, తనంతట తనే. ప్రార్థన అయ్యాక మెర్లిన్ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"ఆ రోజు అసలేం చూశావు బాబాయ్, మొదట్నుంచి చెప్పు అన్నా సార్. ఇన్నాళ్ళూ ఆయన్ని ఎవరూ అడగలేదంట. అంకె ఆడలేదమ్మా అన్నాడు."

"ఆడకపోవడమేంటి?"

"లారీ ఇంజను ఆన్‌లో ఉంటే అంకె అటూ ఇటూ ఆడుతుందిగా సార్, పది కిలోలు, ఇరవై కిలోలు. ఆ రోజు రాయిలా ఉందంట. మన బాక్సులో అంకె ఊగదు అని కొండలరావు గారే చెప్పారుగా, అదే కామోసు అనుకున్నాడంట."

చెబుతూనే కుర్చీ లాగింది. బాక్సులో చీటీల రికార్డు కాకుండా ప్రతి సెకనుకీ పడిన అంకె ఇంకోచోట నెల రోజులు నిలవుంటుంది. దాన్ని తీసి, శుక్రవారం మధ్యాహ్నం దాకా జరిపింది. ఒంటి గంటా యాభై ఎనిమిది దాకా అంకెలు ఎగురుతూ దిగుతూ ఉన్నాయి. ఆ తర్వాత పంతొమ్మిది నిమిషాలపాటు ఒకటే అంకె. లారీ దిగింది, ఇంకోటి ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. సున్నా లేదు, చిన్న కదలిక లేదు. బరువున్న ఏ వస్తువూ అంత నిశ్చలంగా ఉండదు.

"చచ్చిపోయింది సార్. పంతొమ్మిది నిమిషాలు చచ్చిపోయి, బతికున్నట్టు చూపించింది. కింద పొర చెప్పే ఉంటుంది. మధ్యలో ఎవడో మింగాడు."

నేను నీళ్ళు తాగడానికి లేచి వెళ్ళాను.

మంగళవారం మధ్యాహ్నానికి దొరికింది. గదిలో పెన్ను చప్పుడు ఆగిపోవడంతో నాకు తెలిసింది. వెళ్ళి ఆమె వెనక నిలబడ్డాను. తెర మీద ఆ నాలుగు లైన్లు, పక్కన తేదీ, పేరు. మెర్లిన్.

నేను ఎదురు చూశాను. మీరేగా సార్ రాయమన్నారు అంటుందని. అంటే అరవడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను, సిగ్గు లేకుండా.

"నేనే రాశా సార్" అంది. "అన్నీ ఒకటేనా అని ఒకసారి అడిగి ఊరుకున్నా. రెండోసారి అడగాల్సింది."

నా పేరు ఎత్తలేదు. ఆ రోజే ఆ ఎండలో కాటాకి పోయి, పళ్ళెం కింద గోతిలోకి దిగి, సెన్సార్ల తీగలన్నీ కలిసే డబ్బా విప్పింది. ఒక మర సగం వదులై ఉంది. ఎండకి ఇనుము సాగితే తీగ విడిపోతోంది, బరువైన బండి ఎక్కి కుదిపితే మళ్ళీ అంటుకుంటోంది. ఫోటో తీసి, మర బిగించింది. మోకాళ్ళు చీరుకుపోయి బయటికొచ్చింది.

ఆ సాయంత్రం నుంచే ఆ ముక్కని తిరగరాయడం మొదలెట్టింది. ఈ మధ్య కెర్నెల్‌లోకి ఒక కొత్త భాష వచ్చింది. అందులో తప్పు రావడానికి అవకాశమున్న చోట నువ్వు చూడకుండా దాటేస్తే, ప్రోగ్రాము తయారయ్యేటప్పుడే పట్టుకుని దీన్నేం చేశావని నిలదీస్తుంది. జవాబు చెప్పందే వదలదు. మెర్లిన్ అందులో రాసింది. నూట పదికి మూడుసార్లు అడగడం, డెబ్భై నాలుగుని పారేయడం, పంతొమ్మిదైతే అంకె తీసేసి, చీటీ ఆపేసి, తెర మీద తెలుగులో తీగ తెగింది అని వేయడం. నన్ను ఒకసారి చూడమంది. చూశాను. వంక పెట్టడానికేమీ లేదు.

బుధవారం ఇద్దరం కొండలరావు గారి ముందు కూర్చున్నాం. అంటే నేను కూర్చున్నాను, ఆమె తిరుగుతోంది. ఆయన ఫోటోలు చూసి నుదురు రుద్దుకున్నాడు. "బాక్సులన్నీ మార్చేద్దాం. సర్వీసింగ్ అని చెబుదాం. తప్పు మనదని మాత్రం బయట అనకండి. ముప్ఫై ఆరు మంది మీద పడతారు" అన్నాడు.

"మరి బాబాయ్ సంగతేంటండి?"

"కిషోర్‌తో నేను మాట్లాడతాగా."

మాట్లాడాడు. సెట్టింగ్‌లో ఏదో తేడా అన్నాడట. గురువారం కిషోర్‌బాబు మనిషిని పంపి, రేపట్నుంచి పనిలోకి రమ్మన్నాడు. సొలొమోను గారు రానన్నాడు. "నలుగురిలో దొంగన్నారు. కాదని నలుగురిలోనే అనమనండి. చాటుగా పిలిస్తే చాటుగా పోవడానికి నేను నిజంగా దొంగనా?" అన్నాడట. కిషోర్‌బాబు నాకు ఫోన్ చేసి మండిపడ్డాడు, రమ్మన్నా రాడు, వీడికెంత పట్టుదల బావా అని. నేను ఊఁ అన్నాను. ఆ ఊఁ అన్నందుకు కూడా ఇప్పుడు తల వంచుకుంటున్నాను.

శుక్రవారం పొద్దున్నే కొత్త బాక్సు పెట్టుకుని మెర్లిన్ నా బైక్ ఎక్కింది. దారిలో సొలొమోను గారికి ఫోన్ చేసి, "బాబాయ్, నువ్వు ఒక్కసారి కాటా దగ్గరికి రా. నేను చెబుతా అందరి ముందూ" అంది. కొండలరావు గారు వద్దన్నారుగా అన్నాను. "ఉద్యోగం పోతే పోయింది సార్. మా నాన్న షాపులో గాలి కొట్టుకుంటా" అంది.

తొమ్మిదింటికే ఏడు లారీలున్నాయి లైన్లో. సొలొమోను గారు ఉతికిన చొక్కా వేసుకుని, రోడ్డవతల నిలబడి ఉన్నాడు. ఇటు దాటి రాలేదు. కిషోర్‌బాబు గది గుమ్మంలో ఉన్నాడు. మెర్లిన్ కాటా పళ్ళెం నడిమధ్యకి నడిచి, ముందు లారీకి అడ్డంగా నిలబడింది. డ్రైవర్లు హారన్లు కొట్టారు. "దిగండన్నా, ఒక్క మాట" అంది. ఒక్కొక్కరే దిగొచ్చారు.

"మొన్న ఈ కాటా మీద మూడు చీటీలు ఒకటే బరువు పడ్డాయి. సొలొమోను గారు దొంగ అన్నారు. ఆయన తప్పేం లేదన్నా. కింద తీగ ఊడింది. ఊడిందని చెప్పకుండా బాక్సు పాత బరువే చూపించింది. బాక్సుకి అలా రాసింది నేను. పేరు మెర్లిన్, చిల్లకల్లు, పంక్చర్ షాపు బెన్ని కూతుర్ని. తప్పు నాది."

"నువ్వెట్ల రాసినవ్ బిడ్డా అట్ల? ఆయన ఇజ్జత్ పోయె కదా" అన్నాడు కోదాడ వైపు డ్రైవర్ ఒకతను.

ఆమె తల దించుకుంది. జవాబు చెప్పలేదు. జవాబు ఆమె దగ్గర లేక కాదు, అది నా వైపు వేలు చూపించే జవాబు కాబట్టి. నాలుగేళ్ళుగా కుదురుగా నిలబడని పిల్ల అక్కడ అందరి మాటలూ పడుతూ నిలబడిపోతే నా వల్ల కాలేదు. పళ్ళెం మీదకి ఎక్కాను.

"ఆమె కాదు. రాయమంది నేను. అన్ని తప్పులూ ఒకటేనా అని ఆమె అడిగింది, ఒకటే అని నేనే చెప్పా. పోయిన వారం సోమవారం నాడు బాక్సు శుభ్రంగా ఉందని చెప్పింది కూడా నేనే. బావా, నేను చెప్పిన మాట పట్టుకుని నువ్వు ఆయన్ని దొంగ కింద తేల్చావు. ఆయన దొంగ కాదు."

కిషోర్‌బాబు మొహం ఎర్రబడింది. డ్రైవర్లంతా ఆయన వైపే చూస్తున్నారు. "సరే, పొరపాటైంది. సొలొమోను గారూ, ఏమనుకోకండి. వచ్చి కూర్చోండి" అన్నాడు. గారు అనడం ఆయనకీ కొత్తే, నోట్లో తడబడింది.

సొలొమోను గారు రోడ్డు దాటి వచ్చాడు. మెర్లిన్ తల మీద ఒకసారి చెయ్యి వేశాడు. గది వైపు పోబోతూ నా దగ్గర ఆగాడు.

"బాబుగారూ, ఇది మీకు ఎప్పుడు తెలిసిందండి?"

మొన్న మంగళవారం అంటే సరిపోయేది. మెర్లిన్‌కి తెలిసిన రోజు అదే. ఎవరూ కాదనలేరు. ఆమె కూడా నా వైపే చూస్తోంది.

"మిమ్మల్ని పంపించేసిన రోజే తెలిసిందండి. సాయంత్రం ఇంటికి పోతుంటే, టోల్ గేటు దగ్గర. పదకొండు రోజులు."

మెర్లిన్ తన చేతిలో ఉన్న కొత్త బాక్సు నా చేతికిచ్చేసి అవతలికి వెళ్ళి నిలబడింది. సొలొమోను గారు తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అందరి ముందూ చెప్పడం కష్టమే లెండి" అన్నాడు. "నాకొక్కడికైనా ఫోన్ చేసి చెప్పాల్సింది బాబూ. నేను దొంగని కాదని నేను కాక ఇంకొకరికి తెలుసని, ఆ పదకొండు రోజులూ కాస్త కన్ను మూసుకునేవాణ్ణి."

అని గదిలోకి వెళ్ళాడు. కుర్చీ మీద దుమ్ము తువ్వాలుతో దులుపుకుని కూర్చుని, నేను కొత్త బాక్సు బిగించేదాకా ఆగి, మొదటి లారీని రమ్మని చెయ్యి ఊపాడు.